గింజలో నీరు... బస్తాలో తరుగు

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి గోదావరి జిల్లాల్లో రోడ్డు సగమే మిగులుతుంది. రెండో సగం ధాన్యానిది. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్ళినా, తణుకు నుంచి భీమవరం వెళ్ళినా, మండపేట, రామచంద్రపురం వైపు తిరిగినా అదే దృశ్యం. తారు రోడ్డు అంచున బరకాలు, వాటి మీద పలచగా పరిచిన వడ్లు, కాళ్ళతో సాళ్ళు తీస్తూ అటూ ఇటూ తిరిగే ఆడా మగా. మధ్య మధ్య తల ఎత్తి తూర్పు దిక్కున మబ్బు పట్టిందేమో చూసుకోవడం.

నారు పోసిన నాటి నుంచి కోత దాకా అయిదు నెలల పాటు తెగులు, పురుగు, ఎరువు, నీటి వంతు అంటూ రైతు పడే పాట్ల గురించి ఈ పేజీలో ఎన్నోసార్లు రాసుకున్నాం. కోసిన తర్వాత పది పన్నెండు రోజుల్లో చేజారిపోయేదాని గురించి రాసింది తక్కువ. నిజానికి పెట్టుబడి అంతా పెట్టేసి, కూలీ అంతా ఇచ్చేసిన తర్వాత పోయే గింజ ఇది. ఒక్కో గింజ మీద అప్పటికే పూర్తి ఖర్చు పడిపోయి ఉంటుంది.

ఎంత పోతోంది? లూథియానాలో కోత తర్వాత పనుల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ, సిఫెట్, దేశమంతా తిరిగి లెక్క కట్టి 2015లో నివేదిక ఇచ్చింది. వరిలో కోత మొదలుకొని నిల్వ దాకా నష్టం 5.53 శాతమని తేల్చింది. 2022లో నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ చేసిన సర్వేలో అది 4.77 శాతంగా వచ్చింది. అయిదు శాతమే కదా అనిపిస్తుంది. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండాయనుకోండి. అందులో 5.53 శాతమంటే బస్తాన్నర దాటుతుంది, సుమారు 124 కిలోలు. 2025-26 మార్కెటింగ్ సంవత్సరానికి సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన ఎకరాకు మూడు వేలకు కాస్త తక్కువ. రెండెకరాల కౌలు రైతుకు ఇది చిన్న మొత్తమేమీ కాదు.

పైగా ఈ సర్వేలు కొలిచేది ప్రధానంగా కిలోలు. రాలిపోయింది, ఎలుక తిన్నది, పురుగు పట్టింది. గింజ అక్కడే ఉండి రంగు మారితే, మొలక వస్తే, తేమ ఎక్కువుందని కాటా దగ్గర తరుగు తీస్తే పోయేది కిలోల్లో కాదు, ధరలో. మన డెల్టాలో రైతుకు ఎక్కువ దెబ్బ తగిలేది అక్కడే. దానికంతటికీ మూలం ఒక్కటే, గింజలో ఉన్న నీరు.

మిషను వచ్చింది, కళ్ళం పోయింది

పాత పద్ధతి ఒకసారి గుర్తు చేసుకుంటే ఇప్పటి తిప్పలు ఎక్కడ మొదలయ్యాయో తెలుస్తుంది. కొడవలితో కోసి పనలు వేసేవారు. మూడు నాలుగు రోజులు పనల మీదే ఎండేది. తర్వాత కట్టలు కట్టి, మెరక చూసుకుని కుప్ప వేసేవారు. వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి. సంక్రాంతి ముందో తర్వాతో తీరిక చూసుకుని నూర్చేవారు. అప్పటికి గింజ దానంతటదే ఆరి ఉండేది. తూర్పారబట్టి, తాలు తీసి, పురి కట్టో గాదెలో పోసో దాచేవారు. ఆరబెట్టడం అని విడిగా ఒక పని ఉండేది కాదు. కోతకీ నూర్పుకీ మధ్య ఉన్న ఆ రోజులే ఆరబెట్టేవి.

ఇప్పుడు చైన్ మిషను చేలో దిగిందంటే గంట, గంటన్నరలో ఎకరం అయిపోతుంది. కోత, నూర్పు, ఎగరబోత అన్నీ దాని కడుపులోనే. కూలీలు దొరకని కాలంలో, తుఫాను తరుముకొస్తున్న రోజుల్లో మిషను రైతుకి చేసిన మేలు కాదనలేం. కానీ చేలో నిలబడి ఉన్న గింజలో 20 నుంచి 24 శాతం దాకా తేమ ఉంటుంది. మిషను నుంచి ట్రాక్టరులోకి పడే గింజలోనూ అంతే తేమ. నాలుగు రోజుల ఎండ, నెల రోజుల కుప్ప చేసిన పని ఇప్పుడు ఎవరు చేయాలి? ఎక్కడ చేయాలి?

మిషను వచ్చిన ఈ ఇరవై ఏళ్ళలోనే కళ్ళాలు మాయమయ్యాయి. ఊరి పక్క కళ్ళం దొడ్లు ఇళ్ళ స్థలాలయ్యాయి, చెరువులయ్యాయి. కౌలు రైతుకైతే మొదటి నుంచీ సొంత కళ్ళం లేదు. అందుకే రోడ్లు, కాలవ గట్లు, బడి ఆవరణలు. ఒకప్పటి వరి చేనే ప్లాట్లు వేసిన వెంచరుగా మారితే, అందులో పోసిన సిమెంటు రోడ్డు మీద పక్క చేను రైతు వడ్లు ఆరబోసుకుంటున్నాడు. చేను చచ్చి కళ్ళం అయిందన్నమాట.

స్థలం దొరకనివాడు ఏం చేస్తాడు? చేను గట్టు మీదే పచ్చి ధాన్యం అమ్మేస్తాడు. కొనేవాడు తేమ చూసి ధర చెబుతాడు. ఆ తేమ ఎంత, దానికి ఎంత తగ్గించాలి అన్న లెక్క కొనేవాడికి తెలిసినంతగా అమ్మేవాడికి తెలియకపోవడం అసలు చిక్కు.

బస్తా లెక్క

ఈ లెక్క కాగితం మీద రాసి పెట్టుకోండి. కష్టమైనదేమీ కాదు.

ప్రభుత్వ కొనుగోలులో ధాన్యంలో తేమ 17 శాతం దాకా ఒప్పుకుంటారు. మీ ధాన్యంలో 22 శాతం ఉందనుకుందాం. 75 కిలోల బస్తాలో 22 శాతమంటే పదహారున్నర కిలోలు నీరు. మిగతా యాభై ఎనిమిదిన్నర కిలోలు అసలు గింజ. ఎంత ఎండబెట్టినా ఆ యాభై ఎనిమిదిన్నర మారదు, నీరే తగ్గుతుంది. అదే ధాన్యం 17 శాతానికి వచ్చేసరికి బస్తా సుమారు డెబ్బై కిలోల అయిదు వందల గ్రాములు తూగుతుంది. అంటే ఆవిరైపోయిన నీరు నాలుగున్నర కిలోలు.

ఇలాగే 20 శాతం ఉన్న బస్తాకు లెక్క కడితే రెండు కిలోల ఏడు వందల గ్రాములు వస్తుంది. 24 శాతం ఉంటే ఆరు కిలోల మూడు వందలు. మొత్తం మీద గుర్తు పెట్టుకోవలసింది ఇంతే. 17 మీద పెరిగిన ఒక్కో శాతానికి 75 కిలోల బస్తాకు తొమ్మిది వందల గ్రాములు. అది న్యాయమైన తగ్గింపు. అంతకు మించి ఎంత తీసినా అది నీరు కాదు, మీ గింజ. ఆరబెట్టడానికి అయ్యే కూలీ కింద కొంత అడుగుతున్నారంటే సరే, ఆ మాట విడిగా చెప్పమనండి. తేమ పేరు మీద, తాలు పేరు మీద, సంచి బరువు పేరు మీద అన్నీ కలిపి ‘బస్తాకింత’ అని ఒక్క మాటలో తేల్చేసినప్పుడే రైతు మోసపోయేది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. బాగా ఎండితే మంచి ధర వస్తుందని కొందరు 14 శాతానికి తెచ్చి అమ్ముతారు. మద్దతు ధర 17 శాతానికీ, 14 శాతానికీ ఒక్కటే. 14 శాతంలో ఉన్న 75 కిలోల బస్తా ఇస్తే, 17 శాతం లెక్కన సుమారు రెండు కిలోల ఏడు వందల గ్రాముల ధాన్యం ఉచితంగా ఇచ్చినట్టే. కొనుగోలు కేంద్రానికి వేసేదైతే 17 దగ్గర ఆపేయండి. ఇంట్లో దాచుకునేదైతే మాత్రం 12, 13 శాతానికి రావలసిందే.

తేమ ఎంతో తెలిసేదెలా? రైతు సేవా కేంద్రాల్లో, కొనుగోలు కేంద్రాల్లో తేమ మిషన్లు ఉంటాయి. అమ్మే ముందు ఒక డబ్బాలో నమూనా తీసుకెళ్ళి చూపించుకోండి. రాశి పైనుంచి ఒక్క గుప్పెడు తీస్తే సరిపోదు. పైన ఎండి, లోపల పచ్చిగా ఉంటుంది. నాలుగు వైపుల నుంచీ, మధ్య నుంచీ, అడుగు నుంచీ తీసి కలపాలి. కొనేవాడు నమూనా తీసినా అలాగే తీయమని అడగండి. అడుగున చెయ్యి పెట్టి తీసిన పచ్చి గుప్పెడే రాశి మొత్తానికి కొలతైతే నష్టం మీకే.

మా నాన్న గింజ పంటి కింద పెట్టి కొరికి చెప్పేవాడు. కటుక్కుమని విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఇంకా పచ్చి. అనుభవం ఉన్నవారికి అది చాలు. లేనివారికి ఇంకో సులువు ఉంది. పొడిగా ఉన్న గాజు సీసాలో మూడో వంతు వడ్లు పోసి, పెనం మీద బాగా వేయించి చల్లార్చిన ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూత బిగించి ఒక నిమిషం బాగా ఊపండి. పావుగంట కదపకుండా ఉంచండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టు. అంటుకోకుండా అడుగుకి రాలిపోతే అంతకన్నా తక్కువ. ఆఫ్రికా పల్లెల్లో మొక్కజొన్న రైతులు కూడా చేసే పరీక్ష ఇది. అమ్మకానికి ఇది చాలదు గానీ, ఇంట్లో దాచుకునే ధాన్యం ఆరిందో లేదో చెప్పేస్తుంది.

తేమ ఒక్కటే కాదు, ప్రభుత్వ ప్రమాణాల్లో మట్టి, రాళ్ళు ఒక శాతం, తాలు, గడ్డి పరకలు ఒక శాతం, దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు పట్టిన గింజలు కలిపి అయిదు శాతం, ముదరని గింజలు మూడు శాతం దాకా ఒప్పుకుంటారు. తుఫాను ఏళ్ళలో రంగు విషయంలో కేంద్రం సడలింపులిచ్చిన సందర్భాలున్నాయి. కానీ ఉత్తర్వు వచ్చేదాకా ధాన్యం రోడ్డు మీద ఆగలేదు. అందులోనే సగం మంది అయినకాడికి అమ్ముకుంటారు.

ఎప్పుడు దించాలి మిషను

వెన్నులో నూటికి 80, 85 గింజలు బంగారు రంగుకి తిరిగితే కోతకు వచ్చినట్టు. పూత తర్వాత నెల, నెలా అయిదు రోజులు. ఇంకా ముదరనిద్దామని ఆగితే గింజ రాలుతుంది. పగలు ఎండకి ఆరి, రాత్రి మంచుకి తడిసి చేలోనే గింజకు పగుళ్ళు వస్తాయి. మరీ ముందు కోస్తే తాలు, పచ్చి గింజ. కోతకు వారం పది రోజుల ముందు నీరు తీసేయాలి. డెల్టా చివరి భూముల్లో మురుగు కాలవ పూడిపోయి ఇది కుదరడం లేదని తెలుసు. అయినా మడి మూలన చిన్న బోదె తీసి నీటిని ఒక పక్కకి లాగితే మిషను దిగబడదు, పడిన కంకి బురదలో కలవదు.

పొద్దున్నే మంచులో మిషను దించవద్దు. తొమ్మిది, పది గంటలకు మంచు ఆరాక దించితే అదే చేను, అదే రోజు, తేమ తక్కువ వస్తుంది. మిషను వెళ్ళాక వెనక గడ్డి వరుస కింద అరచేత్తో ఊడ్చి చూడండి. గింజలు ఎక్కువగా పడుతుంటే వేగం తగ్గించమని, గాలి సరిచేయమని డ్రైవరుకి చెప్పండి. గంటల లెక్కన డబ్బు ఇస్తున్నారు కాబట్టి తొందర అతనిది. గింజ మీది.

ఆరబెట్టడం అంటే ఎండలో పడేయడం కాదు

పచ్చి ధాన్యం రాశి పోసి పెట్టి, ఉదయం లేచి అందులో చెయ్యి పెట్టి చూసినవారికి తెలుసు, లోపల వేడిగా ఉంటుంది. గింజ ఊపిరి తీస్తుంది. ఊపిరి తీసినప్పుడు వేడి, తేమ రెండూ పుడతాయి. ఆ వేడికీ తేమకీ బూజు లేస్తుంది. బియ్యం పసుపు తిరుగుతుంది, ముక్క వాసన వస్తుంది. 20 శాతం దాటిన ధాన్యాన్ని సంచుల్లో కట్టి పెడితే ఒక రాత్రి, ఒక పగలులోనే ఇది మొదలవుతుంది. గోనెలు రాలేదని, లారీ రాలేదని ఆగవలసి వచ్చినా సరే, పచ్చి ధాన్యం మాత్రం సంచిలో ఆగకూడదు. విప్పి పరచాల్సిందే.

పరిచేటప్పుడు మందం రెండు అంగుళాలు దాటకూడదు. మరీ పలచగా, గింజ పక్కన గింజలా వేసినా తప్పే. సిమెంటు మీద, తారు మీద మధ్యాహ్నం ఎండకి గింజ పైతోలు గబగబా ఎండి, లోపలి నీరు బయటికి రాలేక గింజ చిట్లుతుంది. మిల్లులో ఆడితే నూకే. అరగంటకోసారి తిరగేయాలి. దాళ్వా ధాన్యానికి, అంటే ఏప్రిల్, మే ఎండల్లో, మిట్టమధ్యాహ్నం రెండు గంటలు రాశిగా లాగి కప్పి, మళ్ళీ మూడింటికి పరిస్తే నూక తగ్గుతుంది. దాళ్వా బొండాల ధాన్యం చాలావరకు ఉప్పుడు బియ్యంగా మారి కేరళ వెళుతుంది. ఉడకబెట్టినప్పుడు చిన్న పగులు అతుక్కుంటుంది కాబట్టి అక్కడ సరిపోతోంది. పచ్చి బియ్యానికి వెళ్ళే ధాన్యమైతే పగులు పగులే.

సాయంత్రం అయిదింటికల్లా రాశి లాగి బరకం కప్పేయాలి. మార్గశిరంలో మంచు ఎంత పడుతుందో మీకు చెప్పాలా? పగలంతా లాగిన నీటిలో కొంత రాత్రి మళ్ళీ గింజ తాగేస్తుంది. అలా ఎండుతూ తడుస్తూ ఉన్న గింజ చిట్లడం ఎక్కువ. కింద కూడా బరకం ఉండాలి. నేల తేమ పైకి వస్తుంది, రాయీ రప్పా కలవవు.

రోడ్డు మీద ఆరబోయడం మంచిది కాదని పోలీసులు చెబుతున్నారు, నిజమే. రాశికి అడ్డంగా పెట్టిన రాయికి రాత్రి మోటారు సైకిల్ తగిలి ప్రాణాలు పోయిన సంగతులు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. తప్పనిసరైతే రాళ్ళు బదులు సంచులు పెట్టండి, చీకటి పడేలోగా రోడ్డు ఖాళీ చేయండి. కల్లం కోసం ఊరంతా కలిసి అడగాల్సిన స్థలాలు, ఊరి ఉమ్మడి భూములు ఏమున్నాయో పంచాయతీ సభలో లేవనెత్తండి.

తుఫాను వస్తే

మా ఇంటి చేనూ ఇందుకు మినహాయింపు కాదు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. అప్పటికి మా రెండెకరాలూ పనల మీద ఉన్నాయి. రెండు రోజుల ముందే కబురు తెలుసు. కూలీలు దొరకలేదు. దొరికిన నలుగురితో ఒక ఎకరం కట్టలు కట్టి గట్టు మీదికి చేర్చాం. రెండో ఎకరం నీళ్ళలో నానింది. నాలుగో రోజున తిరగేస్తే పన అడుగున తెల్లగా మొలక. పత్రికలో రైతులకు సలహాలు రాసేవాడి చేనే ఇలా అయితే ఇంకెవరికి చెప్పుకోవాలని మా ఆవిడ అంది. ఆ మాటకి జవాబు లేదు. ఉప్పు సంగతి నేను ఎన్నిసార్లు రాశానో, ఆ రోజు ఇంట్లో ఉప్పు బస్తా లేదు.

2023లో రెండు పంటలకూ దెబ్బ తగిలింది. మే మొదట్లో అకాల వర్షాలకి దాళ్వా ధాన్యం రోడ్ల మీదే తడిసింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ సార్వా ధాన్యం తడిసింది. ఇక తప్పదనుకుని సిద్ధంగా ఉండడమే.

ఉప్పు గురించి వివరంగా చెప్పాలి. పడిపోయిన చేను మీదా, కోసి తడిసిన పనల మీదా అయిదు శాతం ఉప్పు నీరు చల్లాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. లీటరు నీటికి 50 గ్రాములు. ఎకరాకు 200 లీటర్ల నీరు అనుకుంటే పది కిలోల కల్లుప్పు. పొలంలో నీరు ముందు తీసేసి, వాన తెరిపి ఇవ్వగానే వెన్నులు తడిసేలా పిచికారీ చేయాలి. గింజ చుట్టూ ఉప్పు ఉంటే గింజ నీరు తాగలేదు, మొలక లేవదు. మళ్ళీ వాన కురిస్తే ఉప్పు కడిగేసుకుపోతుంది, మళ్ళీ చల్లాలి. చేను ఆరబెట్టేందుకు రెండు మూడు రోజులు దొరుకుతాయి, అంతే. చెడిపోయిన గింజను బాగు చేసే మందు కాదు ఇది. విత్తనానికి ఉంచుకున్న మడిలో చల్లవద్దు. మొలకను ఆపేదాన్ని విత్తనం మీద ఎలా చల్లుతాం?

పచ్చిగా ఉన్నా సరే కుప్ప వేయక తప్పదనుకుంటే, వరుస వరుసకీ ఉప్పు చల్లుతూ ఎకరాకు 25 కిలోల దాకా వాడాలి. పాతవారు చేసిందే. ఉప్పు గడ్డిని పశువులు ఇష్టంగానే తింటాయి. నూర్చిన ధాన్యం తడిసి, ఎండ రాకపోతే క్వింటాలుకు 20 కిలోల పొడి ఊక, దానితో పాటు కొంత ఉప్పు కలిపి పోగు పెట్టండి. ఊక నీరు పీల్చుకుంటుంది. ఎండ వచ్చాక తూర్పారబడితే ఊక ఎగిరిపోతుంది.

విత్తనం ఎంచుకునేటప్పుడే ఈ సంగతి కాస్త ఆలోచించాలి. కొన్ని రకాల గింజకు కోతకొచ్చాక రెండు మూడు వారాల నిద్రావస్థ ఉంటుంది. ఆ రోజుల్లో తడిసినా త్వరగా మొలకెత్తదు. 1982లో మార్టేరు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన స్వర్ణ, ఎంటీయూ 7029, దిగుబడిలో రాజే గానీ సుమారు 150 రోజుల పంట. కాలవ నీరు ఆలస్యమై జూలైలో నారు పోస్తే కోత సరిగ్గా డిసెంబరు తుఫాను నోట్లోకి వెళుతుంది. పడిపోని, నిద్రావస్థ ఉన్న, పది పదిహేను రోజులు ముందుగా వచ్చే రకాలు మీ నేలకి ఏవి సరిపోతాయో మార్టేరులో అడగండి.

బీమా గురించి చాలామందికి తెలియని మాట ఒకటి. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో, కోసి చేలో ఆరబెట్టిన పంటకు కోత నుంచి 14 రోజుల దాకా తుఫాను, అకాల వర్షం నష్టానికి రక్షణ ఇచ్చే అంశం ఉంది. నష్టం జరిగిన 72 గంటల్లోగా తెలియజేయాలి. 14447 నంబరుకి ఫోను చేయవచ్చు. ఇది పనల మీద, చిన్న కట్టల మీద ఉన్న పంటకే. మిషనుతో కోసి రోడ్డు మీద రాశి పోసిన ధాన్యానికి కాదు. మీ జిల్లా నోటిఫికేషనులో వరికి ఈ అంశం చేర్చారో లేదో సీజను మొదట్లోనే రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. కౌలు రైతులైతే పంట సాగుదారు హక్కు పత్రం, ఈ-పంట నమోదు రెండూ ఉంటే తప్ప బీమా అయినా, కొనుగోలు అయినా ముందుకు కదలదు.

వియత్నాం డెల్టాలో ఏం చేశారు

మనలాంటి డెల్టా ఒకటి వియత్నాంలో ఉంది, మెకాంగ్ నది డెల్టా. అక్కడా వరే, అక్కడా కోత సమయానికి వానలే, అక్కడా చిన్న కమతాలే. 1980ల మొదట్లో అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఒక ఆరబెట్టే యంత్రం తయారు చేశారు. పెద్ద హంగేమీ లేదు. ఇటుకలతో కట్టిన తొట్టి, దానికి చిల్లుల అడుగు, దాని మీద అడుగు మందాన ధాన్యం. పక్కన ఊకతో మండే పొయ్యి. ఫ్యాను ఆ వేడి గాలిని కింద నుంచి ధాన్యంలోకి తోస్తుంది. వేడి 43 డిగ్రీల దగ్గర ఉంచితే గింజ చిట్లదు. ఒక రాత్రిలో నాలుగైదు టన్నులు ఆరుతుంది. రైతు ధాన్యం తెచ్చి, టన్నుకింత అని కూలి ఇచ్చి ఆరబెట్టించుకుంటాడు. ఊళ్ళో ఒకరు పెట్టుకుంటే చుట్టూ ఉన్నవారికి పని జరుగుతుంది. అక్కడ ఇలాంటివి వేలల్లో లేచాయి.

మన దగ్గర ఊకకి కొదవా? మిల్లులు ఎక్కడ చూసినా ఉన్నాయి, ఊక గుట్టలు ఉన్నాయి, ఇటుక ఉంది, వెల్డింగు షాపు ఉంది. డ్రయ్యర్లు కూడా ఉన్నాయి, కాకపోతే మిల్లుల్లో ఉన్నాయి. పచ్చి ధాన్యం తక్కువకి కొని ఊకతో ఆరబెట్టుకునే అవకాశం మిల్లుకి ఉంది, రైతుకి లేదు. అందుకే బేరం అటే మొగ్గుతుంది. ఒక ప్రాథమిక సహకార సంఘమో, రైతు ఉత్పత్తిదారుల సంఘమో ఊరికొకటి పెట్టినా రెండు మూడు వందల ఎకరాల చిన్న రైతులు గట్టు మీద అమ్ముకోవలసిన పని తప్పుతుంది. సబ్సిడీ మీద కోత మిషన్లు ఇచ్చినప్పుడే ఆరబెట్టే మిషన్లు కూడా ఇచ్చి ఉండాల్సింది. కోయడం ఒక్కటే యంత్రానికి అప్పగించి, ఆరబెట్టడం సూర్యుడికి వదిలేశారు.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. ధర లేదన్నది ఒక్కటే ఆ రోజు గొడవ కాదు. దాచుకునే చోటు లేక అమ్మక తప్పని స్థితి కూడా అందులో ఉంది. ధాన్యం దాచి దాని విలువలో కొంత అప్పుగా తీసుకునే రైతుబంధు పథకం మన మార్కెట్ కమిటీల్లో దశాబ్దాల కిందటే మొదలైంది. తెలంగాణలో 2018లో అదే పేరుతో వచ్చిన పెట్టుబడి సాయం వేరు. గోదాముకి చేరాలన్నా ముందు ధాన్యం ఆరి ఉండాలి, మళ్ళీ అక్కడికే వచ్చాం.

తిండి గింజలు, విత్తనం దాచుకునేవారికి

ఇంటి తిండికి పది బస్తాలు, విత్తనానికి రెండు బస్తాలు దాచుకునేవారు ఇంకా ఉన్నారు. తేమ 12, 13కి వస్తే పురుగు సమస్య సగం తీరినట్టే. వడ్ల చిలక, ముక్క పురుగు, నుసి పురుగు ఈ మూడే మన గాదెల్లో ఎక్కువ. వడ్ల చిలక చేలోనే గింజ మీద గుడ్డు పెట్టి ఇంటికి వస్తుంది. పాత గోనెల అతుకుల్లో నుసి పురుగు దాగి ఉంటుంది. అందుకే పాత సంచులు తిరగేసి దులిపి, అయిదు శాతం వేపగింజల కషాయంలో ముంచి, ఎండబెట్టి వాడాలి. బస్తాలు నేల మీద పెట్టకుండా చెక్కల మీద, గోడకి మూరెడు ఎడంగా పేర్చాలి. గది గోడల మీద, నేల మీద మలాథియాన్ లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు కలిపి చల్లవచ్చు, ధాన్యం మీద కాదు. పొగ బిళ్ళలు మాత్రం మనుషులు పడుకునే ఇంట్లో వద్దే వద్దు. ఆ గాలికి ప్రాణాలు పోతాయి.

ఎలుకకి, పందికొక్కుకి గాదె కింద ఖాళీ ఉంచకండి. వెదురు బుట్టలు పెట్టేవారిని కోతల ముందే పిలిపించి చేను గట్లు శుభ్రం చేయించండి. కోశాక గట్టు మీది ఎలుక మీ ఇంటికే వస్తుంది.

మందు లేకుండా దాచే దారి ఇంకొకటి ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో అలసందలకు పురుగు పట్టి రైతులు గింజ చేతికొచ్చిన వెంటనే తెగనమ్ముకునేవారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 1980ల చివర్లో కామెరూన్ దేశపు రైతులతో కలిసి మూడు పొరల సంచి తయారు చేశారు. బయట మామూలు ప్లాస్టిక్ గోనె, లోపల రెండు దళసరి ప్లాస్టిక్ సంచులు. గాలి లేకుండా ఒక్కొక్కటీ విడివిడిగా మెలిపెట్టి కట్టేస్తే, లోపలున్న పురుగు ఉన్న గాలి పీల్చేసి చచ్చిపోతుంది. మన దేశంలోనూ ఇలా గాలి చొరని సంచులు దొరుకుతున్నాయి. వరి విత్తనానికి, మినుముకి, పెసరకి బాగా పనికొస్తాయి. చిన్న చిల్లు పడినా పని చేయదు. పచ్చి గింజ వేస్తే లోపలే ముక్కిపోతుంది. ముందు సీసాలో ఉప్పు వేసి ఊపి చూడండి. ఉప్పు గోడకి అంటుకుంటే ఇంకో రోజు ఎండలో పెట్టి, సాయంత్రం చల్లారాక సంచి కట్టండి.